సీహెచ్ఏ చూసుకుంటాడులే అంటే కుదరదండీ

మా గుంటూరులో కొత్తగా మిర్చి ఎక్స్‌పోర్ట్‌లోకి దిగినోళ్ళని ఎవర్ని కదిపినా సరుకు గురించి గంట మాట్లాడతారు. తేజా రకం రంగు ఎలా ఉంది, ఏసీ సరుకా (కోల్డ్ స్టోరేజీలో పెట్టింది) కొత్త సరుకా, రంగు పోయిన తాలు కాయ ఎంత కలిసింది, తొడిమలు తీయడానికి కూలి ఎంత పడుతోంది, అన్నీ నోటి మీదే ఉంటాయి. కాగితాల సంగతి ఎత్తితే మాత్రం "అదంతా సీహెచ్ఏ చూసుకుంటాడులేమ్మా" అంటారు. నేను చేసేది డాక్యుమెంట్ల పనే కాబట్టి ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుద్ది. సీహెచ్ఏ అంటే కస్టమ్స్ బ్రోకరు, మనం పంపిన ఇన్వాయిస్ చూసి కస్టమ్స్ వాళ్ళ ఆన్‌లైన్ పోర్టల్ ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్ (ఎగుమతికి కస్టమ్స్‌కి ఇచ్చే డిక్లరేషన్) ఫైల్ చేస్తాడు, చెన్నైలో కూర్చున్న ఆ మనిషి మన బస్తా మొహం కూడా చూసుండడు, మనం ఏది రాసిస్తే అదే ఎక్కిస్తాడు.

మొత్తం కథ కమర్షియల్ ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టుల దగ్గరే ఉంది. షిప్పింగ్ బిల్, బీఎల్ (సరుకు ఎక్కించుకున్నామని షిప్పింగ్ లైన్ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్), సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశానిదో చెప్పేది), ఫైటో (సరుకులో పురుగూ తెగులూ లేవని ఇచ్చే సర్టిఫికెట్), అన్నీ ఈ రెండిట్లోంచి ఎత్తి రాసేవే. ఇక్కడ "రెడ్ చిల్లీ" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే చాలదు, కాయ కాయగా పోతుందా దంచింది పోతుందా అనేదాన్ని బట్టి హెచ్ఎస్ కోడే (కస్టమ్స్‌లో ఒక్కో సరుకుకి ఉండే నంబరు) మారిపోద్ది. ఎండు కాయ అయితే 09042110, కారప్పొడి అయితే 09042211. తొడిమ తీసినా కాయ కాయే, దాని కోడ్ మారదు, ఇది చాలామంది అడుగుతుంటారు.

తర్వాత బరువులు. నెట్ అంటే ఒట్టి మిర్చి, గ్రాస్ అంటే గోతాలతో కలిపి, ఇంతవరకు అందరికీ తెలుసు. 2016 జులై 1 నుంచి వీజీఎం (సరుకు నింపిన కంటైనర్ మొత్తం బరువు) అని ఇంకోటి వచ్చింది కదా, అది ఇవ్వకపోతే కంటైనర్ ఓడ ఎక్కదు, అందులో కంటైనర్ సొంత బరువు కూడా కలుస్తుంది (డోర్ మీద టేర్ అని పెయింట్ వేసుంటుంది చూడండి). కాటా చీటీ చేతికి రాగానే లారీ బరువు తీసేసి మిగిలిన అంకెని తీసుకెళ్ళి ప్యాకింగ్ లిస్టులో గ్రాస్ కింద కొట్టేసేవాళ్ళు ఉన్నారు, అప్పుడు మిర్చితో పాటు రెండు టన్నుల పైచిలుకు ఇనుము కూడా అమ్మినట్టు లెక్క తేలుద్ది. నవ్వొస్తుంది గానీ, బీఎల్ కూడా అదే బరువుతో వచ్చేసి, ఓడ కదిలాక దిద్దించుకోవాలంటే షిప్పింగ్ లైన్ వాళ్ళు ఛార్జీ వేస్తారు. అందుకే బీఎల్ డ్రాఫ్ట్ మెయిల్ రాగానే "ఓకే" అని రిప్లై కొట్టకుండా ప్యాకింగ్ లిస్ట్ పక్కన పెట్టుకుని లైను లైనూ చూడాలి.

ఎల్సీ (కాగితాలు సరిగ్గా ఉంటే డబ్బులిస్తామని కొన్నోడి బ్యాంకు రాసిచ్చే హామీ) మీద పంపేవాళ్ళయితే ఇంకా జాగ్రత్త. బ్యాంకు వాళ్ళు సరుకు చూడరండీ, కాగితమే చూస్తారు, ఎల్సీలకి బ్యాంకులు వాడే యూసీపీ 600 రూల్సే అలా ఉన్నాయి. మిగతా కాగితాల్లో సరుకు పేరు కాస్త క్లుప్తంగా ఉన్నా చెల్లుద్ది గానీ ఇన్వాయిస్‌లో మాత్రం ఎల్సీలో ఉన్నట్టే ఉండాలి. మాకు తెలిసిన ఒకాయన ఎల్సీలో తేజా స్టెమ్‌లెస్ అని స్పష్టంగా ఉంటే ఇన్వాయిస్‌లో ఉత్త డ్రై రెడ్ చిల్లీ అని పంపాడు, సరుకు మాత్రం మహా బాగుంది, తొడిమ అన్నదే లేదు. బ్యాంకు డిస్క్రిపెన్సీ (ఎల్సీకీ కాగితానికీ తేడా) అంది, ఫీజు పట్టుకుంది, ఇక కొన్నోడు ఒప్పుకుంటే గానీ డబ్బులు రావు, ఆ లోపు అక్కడ మార్కెట్ కాస్త దిగింది, వాడు ఊరుకుంటాడా, రేటు తగ్గించమని కూర్చున్నాడు. ఇందులో సీహెచ్ఏ చేసేదేముంది చెప్పండి, ఆయన ఎల్సీ కాపీ అసలు చూసే పనే లేదు. ఇంకోటి, ఎల్సీలో వేరే గడువు రాయకపోతే షిప్‌మెంట్ తేదీ నుంచి 21 రోజుల్లో కాగితాలు బ్యాంకులో పెట్టేయాలి, ఎల్సీ గడువు దాటకుండా.

ఫైటో సర్టిఫికెట్ ప్లాంట్ క్వారంటైన్ వాళ్ళు ఇస్తారు, సరుకు కదలకముందే చూపించుకోవాలి, ఓడ వెళ్ళిపోయాక అడిగితే వాళ్ళు మాత్రం ఏం చూసి ఇస్తారు. చెక్క ప్యాలెట్లు వాడితే వాటి మీద చెక్కకి పురుగు చేరకుండా ట్రీట్ చేశారని చెప్పే గోధుమ కంకి గుర్తున్న ముద్ర ఉందో లేదో చూసుకోండి. ఇక టెస్టులు. 2003లో మన దగ్గర్నుంచి యూరప్ వెళ్ళిన మిర్చి సరుకులో తిండిలో వాడకూడని సూడాన్ రంగు బయటపడ్డప్పటి నుంచి స్పైసెస్ బోర్డు గట్టిగానే ఉంది, ల్యాబ్ గుంటూరులోనే ఉంది కాబట్టి మనకి ఆ దూరం లేదు, ఏ దేశానికి ఏ టెస్ట్ కావాలో మాత్రం ఆర్డర్ తీసుకునేటప్పుడే కనుక్కోండి.

జీఎస్టీ సంగతి కూడా ఇదే. ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తామని జీఎస్టీ వాళ్ళకి రాసిచ్చే హామీ పత్రం) పెట్టుకుంటే ఎగుమతి మీద పడే జీఎస్టీ, అంటే ఐజీఎస్టీ, కట్టకుండా పంపొచ్చు, కాకపోతే ప్రతి ఏప్రిల్‌లో కొత్తది పెట్టుకోవాలి. కట్టి రిఫండ్ తీసుకునే దారిలో వెళ్తే షిప్పింగ్ బిల్లే రిఫండ్ అప్లికేషన్, దాంట్లో ఇన్వాయిస్ నంబరూ జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్న్) మీ అకౌంటెంట్ కొట్టిన నంబరూ ఒక్కటే కావాలి. ఒక చోట 001 అనీ ఇంకో చోట ఉత్త 1 అనీ ఉన్నా సిస్టం ఎస్‌బీ 005 అని ఎర్రర్ చూపించి డబ్బు ఆపేస్తుంది. అకౌంటెంటు సీహెచ్ఏ మీదకి తోస్తాడు, సీహెచ్ఏ అకౌంటెంటు మీదకి తోస్తాడు, మధ్యలో ఫోన్లు తిప్పుకుంటూ కూర్చునేది మనం.

చివరగా శాంపిళ్ళు, మొన్న ఒక చెల్లెలు మెసేజ్ పెట్టి అడిగింది. కొరియర్‌లో రెండు కిలోలు పంపినా ఇన్వాయిస్ ఉండాల్సిందే, ఊరికే ఇస్తున్నాం కదా అని విలువ దగ్గర సున్నా వేయొద్దు. అమ్మకానికి కాదు, శాంపిల్ అని రాసి, కస్టమ్స్ కోసం అసలు విలువెంతో అంత వేయండి. ఫైటో కావాలా అక్కర్లేదా అనేది కొరియర్ వాళ్ళని కాదు, అక్కడ సరుకు దించుకునే మనిషిని అడగండి, వాళ్ళ దేశం రూలు వాళ్ళకే తెలుస్తుంది.