ఇంటి పర్మిషన్‌కి ఎంతవుతుంది? ముందు స్థలం కాగితాలు తీయండి

ఇల్లు కడదామనుకున్న ప్రతి ఒక్కరూ మేస్త్రీనో, ప్లాన్ గీసే ఇంజనీర్‌నో ముందుగా అడిగేది ఇదే, పర్మిషన్‌కి మొత్తం ఎంతవుతుంది అని. అవతలి నుంచి ఒకే అంకె వస్తుంది, చదరపు అడుగుకి ఇంత, లేదా "అన్నీ నేను చూసుకుంటా సార్, ఇంత ఇచ్చేయండి" అని. ఆ అంకె పట్టుకుని బడ్జెట్ వేసుకోవద్దని గట్టిగా చెప్తున్నాను. ఒకే వీధిలో, ఒకే సైజు ప్లాట్లలో, ఒకే రకం ఇల్లు కట్టే ఇద్దరికి ఫీజులో లక్షల తేడా రావచ్చు.

నాకు బాగా తెలిసింది హైదరాబాద్ కాబట్టి ఆ లెక్కే చెప్తాను. ఆన్‌లైన్‌లో వచ్చే ఫీజు లెటర్లో ఉండే పద్దులు చూడ్డానికి చాలా కనిపిస్తాయి కానీ అసలు రెండే రకాలు. కొన్ని స్థలాన్ని బట్టి పడతాయి, కొన్ని కట్టే ఏరియాని బట్టి పడతాయి. ప్లాన్ ఎలా మార్చినా మొదటి రకం తగ్గదు, జనం అందరూ బేరమాడేదేమో రెండో రకం గురించి.

ఒక ప్లాట్ తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, అంటే 200 గజాలు, మీటర్లలో చెప్తే 167 చదరపు మీటర్లు. (మునిసిపాలిటీ లెక్కంతా మీటర్లలోనే, గజాన్ని 0.836తో గుణిస్తే సరిపోతుంది.) 2012లో వచ్చిన భవన నిర్మాణ నియమాల జీవో 168 ప్రకారం ఈ సైజు ప్లాట్‌కి, ముందున్న రోడ్డు 12 మీటర్ల లోపుంటే, ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదలాలి. అవి తీసేస్తే మనకి మిగిలేది సుమారు 7.1 మీటర్లు బై 15.8 మీటర్లు, అంటే ఒక ఫ్లోర్‌కి దాదాపు 113 చదరపు మీటర్లు. జీ ప్లస్ టూ (గ్రౌండ్, పైన రెండు ఫ్లోర్లు) కడితే దాదాపు 338 చదరపు మీటర్లు, మన భాషలో 3,600 అడుగుల పైన. పర్మిట్ ఫీజు, బిల్టప్ ఏరియా మీద వేసే డెవలప్‌మెంట్ చార్జీలు ఈ అంకె చుట్టూనే తిరుగుతాయి. లేబర్ సెస్ కూడా ఇటువైపే, నిర్మాణ ఖర్చులో 1 శాతం. 65 లక్షల అంచనా అయితే 65 వేలు. ఇది కేంద్ర చట్టం కింద భవన నిర్మాణ కార్మికుల సంక్షేమానికి వెళ్ళే డబ్బు, దాన్ని ఎగ్గొట్టే దారి వెతకొద్దు.

ఇప్పుడు స్థలం వైపు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో మీ ఏరియా మార్కెట్ వాల్యూ చూడండి. బయట అమ్ముడుపోయే రేటు కాదు, ప్రభుత్వం రాసిన రేటు. అది గజం 20 వేలు ఉందనుకుంటే మన 200 గజాలు 40 లక్షలు. ఆ ప్లాట్ అప్రూవ్డ్ లేఅవుట్‌లో ఉంటే సమస్య లేదు, లేఅవుట్ వేసినవాళ్ళు పార్కు స్థలం అప్పుడే వదిలేశారు. అనుమతి లేని లేఅవుట్ అయితే ఆ వదలని ఖాళీ స్థలానికి బదులుగా విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ పడుతుంది. అంటే 5 లక్షల 60 వేలు! గోడ అవతలి ప్లాట్ వాళ్ళకి సున్నా, మీకు ఐదున్నర లక్షలు. ఇంతకుముందే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ ప్లాట్లని రెగ్యులరైజ్ చేసే పథకం) కింద డబ్బు కట్టి ప్రొసీడింగ్స్ తీసుకున్నవాళ్ళు ఆ కాగితం తీసి పెట్టుకోండి. కట్టనివాళ్ళు ఏ తేదీ నాటి విలువ మీద లెక్క వేస్తారో ఆఫీసులో నోటితో కాదు, రాతలో తెలుసుకోండి. పదేళ్ళ కిందట కొన్న స్థలానికి అప్పటి రేటుకీ ఇప్పటి రేటుకీ ఎంత తేడానో నేను చెప్పక్కర్లేదు.

ఖాళీ స్థలం పన్ను సంగతీ చాలామందికి తెలీదు. జీహెచ్ఎంసీలో విలువ మీద ఏడాదికి అర శాతం, మన ఉదాహరణలో 20 వేలు. ఏళ్ళ తరబడి ఎవరూ అడగలేదు కదా అని ఊరుకుంటే పర్మిషన్‌కి వెళ్ళినప్పుడు బకాయి ముందుకొస్తుంది. మాస్టర్ ప్లాన్‌లో మీ ముందు రోడ్డు వెడల్పు ఎంత రాసుందో కూడా చూసుకోవాలి. విస్తరణలో ఐదడుగులు పోతే కట్టుకునే ఏరియా తగ్గి లెక్క మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది.

చిన్న స్థలాల వాళ్ళకి మాత్రం ఇంత టెన్షన్ అక్కర్లేదు. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ (తెలంగాణలో ఇంటి పర్మిషన్ల) చట్టం 75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్, దానిపైన ఒక ఫ్లోర్ వరకు ఒక్క రూపాయి టోకెన్‌తో రిజిస్ట్రేషన్ చాలంది. అలాంటి వాళ్ళ దగ్గర కూడా పర్మిషన్ పేరు చెప్పి వేలకి వేలు తీసుకుంటున్నారంటే నాకు ఒళ్ళు మండుతుంది. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల ఎత్తు వరకు సెల్ఫ్ సర్టిఫికేషన్ మీద వెంటనే అనుమతి. కాకపోతే మనం సంతకం పెట్టిన వివరాల్లో అబద్ధం తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చే అధికారం అదే చట్టంలో ఉంది, కాబట్టి ఏరియా తక్కువ చూపించి ఫీజు మిగిలించుకుందామనే సలహా ఎవరిచ్చినా వినకండి. ఇంపాక్ట్ ఫీజు అని ఎవరైనా భయపెడితే అది 15 మీటర్లు దాటిన భవనాలకి సంబంధించింది, జీ ప్లస్ టూకి కాదు.

మా బాబాయి ఇంటికి ప్లాన్ గీసినాయన అడిగింది ఒకే ముద్దగా ఒక మొత్తం. పద్దుల వారీగా రాసివ్వమంటే మొదట మొహం చిట్లించాడు, తర్వాత రాసిచ్చాడు. ప్రభుత్వానికి వెళ్ళేది, ఆయన ఫీజు పక్కపక్కన పెట్టేసరికి ఏ పేరూ లేని సొమ్ము ఒకటి మధ్యలో కనిపించింది. అదేంటని అడిగాం. తీసేశాడు, అంతే. ఆయన పనికి ఆయన ఫీజు న్యాయమే, డ్రాయింగులకి, తిరుగుడికి డబ్బులివ్వాల్సిందే. ప్రభుత్వ ఫీజు మాత్రం మీ లాగిన్‌లోంచి, మీ ఖాతాలోంచి మీరే ఆన్‌లైన్‌లో కట్టండి. రసీదు మీ పేరు మీద ఉంటుంది, బ్యాంకు లోన్‌కి అడిగినా, ఇల్లు పూర్తయ్యాక ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి అడిగినా అదే చూపించాలి.

ఫీజు లెటర్లో రానివి కొన్ని ఉన్నాయి, బడ్జెట్లో వాటికి వేరే గీత గీయండి. జలమండలి నీటి, డ్రైనేజీ కనెక్షన్, కరెంటు మీటర్ డిపాజిట్, డెవలప్‌మెంట్ చార్జీలు (కిలోవాట్ల లెక్కన, ఏసీలు ఎన్ని పెడతారో ముందే అనుకోండి). కొన్ని స్థలాలకి బిల్టప్ ఏరియాలో 10 శాతం మునిసిపాలిటీకి మార్ట్‌గేజ్ (తాకట్టు) చేయాలి, దాని ఖర్చు, తర్వాత విడిపించుకునే పని ఉంటాయి. రికార్డుల్లో ఇంకా వ్యవసాయ భూమిగానే ఉంటే నాలా కన్వర్షన్ (వ్యవసాయేతర భూమిగా మార్పించడం) అన్నిటికంటే ముందు. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన కాగితాలు), ఈసీ (స్థలం మీద లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లేఅవుట్ కాపీ దగ్గరుంటే ఈ లెక్కంతా ఒక సాయంత్రం పని. ప్లాన్ గీయించకముందే వేసుకోండి, ఎందుకంటే ఆ 14 శాతం పడేటట్టుంటే రెండో ఫ్లోర్ ఇప్పుడే కట్టాలా, తర్వాత చూసుకుందామా అన్న మాట ఇంట్లో అప్పుడే మాట్లాడుకోవచ్చు.