ఒక్కరే వచ్చారా?

నవంబరు అంటే బ్యాంకుల్లో పింఛనుదారుల నెల. తాము బతికే ఉన్నామని ఏటా ఆ నెలలో వాళ్లు రుజువు చూపాలి. వేలిముద్ర యంత్రం దగ్గర వరుస కడతారు. అరిగిపోయిన వేళ్లు, పడని ముద్రలు. మొన్నటి నవంబరులో ఒక మధ్యాహ్నం, ఎనభై దాటిన పెద్దాయన నాలుగోసారి వేలు పెట్టి నా వైపు చూశారు. "మీ వేలు పడకపోతే నేనేం చేసేది? రేపు రండి" అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన వేలిని పంచెకు తుడుచుకుని, "అలాగేనమ్మా" అంటూ మెట్లు దిగారు.

వేలిముద్ర పడకపోతే ఫోనులో ముఖం చూపించి ఆ పని పూర్తిచేసే మార్గం 2021 నుంచీ ఉంది. రోజూ ఎంతోమందికి నేనే చేసిపెడతాను. ఆ రోజు ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు, అంతే. సాయంత్రం సెల్లారులో స్కూటరు మీద కూర్చుని, హెల్మెట్ పెట్టుకుని, తాళం తిప్పకుండా అరగంట ఉండిపోయాను. వాచ్‌మన్ వచ్చి బండి పాడైందా అని అడిగాడు.

డాక్టరు ముందు రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12. నాలాంటి స్థితిలో ఉన్నవాళ్లు ఎవరైనా ముందుగా చేయించుకోవలసినవి ఇవే. ఒంట్లో రక్తం తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా మనిషి ఇలాగే కూలబడతాడు. నా ఫలితాలన్నీ బాగానే వచ్చాయి. బాగా వచ్చినందుకు నిరాశపడ్డాను, మాత్ర వేసుకుంటే పోయేదేదో దొరుకుతుందని ఆశపడ్డాను మరి. అప్పుడు ఆమె బర్నవుట్ గురించి చెప్పారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని వివరించింది. దీన్ని జబ్బుల్లో చేర్చలేదు, పనిలో అదుపు తప్పిన ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితి అంది. గుర్తులు మూడు: ఒంట్లో సత్తువ అంతా తోడేసినట్టు ఉండటం, చేసే పని మీదా మనుషుల మీదా విముఖత, తాను దేనికీ పనికిరానన్న భావన. పంచెకు వేలు తుడుచుకున్న పెద్దాయన రెండో గుర్తు కింద వస్తారని అర్థమై నాకు సిగ్గు వేసింది.

సెలవు రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ రాలేదు. చివరికి నన్ను బయటపడేసింది మరో నిబంధన. బ్యాంకుల్లో కీలకమైన చోట్ల పనిచేసేవాళ్లు ఏడాదికోసారి కనీసం 10 పనిదినాలు ఒక్కపెట్టున సెలవులో ఉండాలన్నది రిజర్వు బ్యాంకు మాట. ముందుగా చెప్పరు. ఆ రోజుల్లో మన సీటులో వేరొకరు కూర్చుంటారు, మనకు కంప్యూటర్ తెరుచుకోదు. మోసాలేవైనా దాచి ఉంటే బయటపడాలని పెట్టిన ఏర్పాటు అది. డిసెంబరు మొదటి వారం దాటాక ఒక సాయంత్రం ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చింది. నా దగ్గర బయటపడటానికి ఏమీ లేదు. ఇంటికెళ్లి పడుకున్నాను.

మర్నాడు మాత్రం పాత బుద్ధి లేచింది. సముద్రం ఉన్న ఊళ్ల పట్టిక ఒకటి తయారు చేశాను. గోవా, పుదుచ్చేరి, రుషికొండ, సూర్యలంక. ఖర్చు ఒక గడి, ప్రయాణ సమయం ఒక గడి, ఒంటరి ఆడవాళ్లకు అనుకూలత ఒక గడి. మార్కులు కూడా వేశాను. మా అమ్మాయి నా భుజం మీదుగా చూసి, "అమ్మా, ఇది లోను ఫైలులా ఉంది" అంది. పట్టిక మూసేసి, రాత్రి బండికి తత్కాల్ టికెట్ దేనికి దొరుకుతుందో చూశాను. నరసాపురం దొరికింది. ఆ లైనుకు అదే చివరి స్టేషను, బండి ఇక ముందుకు పోదు. నాకు అక్కడ చుట్టాలు లేరు. ఉంటే ఆ పదిరోజులూ భోజనాలకు పిలుపులే. మావారు ఏమీ అడగకుండా స్టేషనుకు దింపారు.

తెల్లవారుజామున దిగి, స్టేషనుకు దగ్గర్లోని లాడ్జికి వెళ్లాను. ఖాళీ గదుల తాళాలు మేనేజరు వెనక వరుసగా వేలాడుతున్నాయి. ఆధార్ కార్డు తిరగేసి చూశారు.

"ఒక్కరే వచ్చారా?"

"అవునండీ."

"ఎవరింటికి?"

"ఎవరింటికీ కాదండీ. సముద్రం చూద్దామని."

ఆయన కార్డు తిరిగి నా చేతిలో పెట్టేశారు. "ఒక్కరికి ఇవ్వమమ్మా. ఏమీ అనుకోకండి." కారణం అడిగితే కళ్లు దించుకున్నారు. ఆటో అబ్బాయి బయటికొచ్చాక చెప్పాడు: ఏరూ సముద్రమూ ఉన్న ఊరు కదండీ, ఒంటరిగా వచ్చి గది తీసుకున్నవాళ్లు మళ్లీ కిందికి దిగుతారో లేదోనని భయమండీ. నేనలా కనబడుతున్నానా అని అడగబోయి ఆటో అద్దంలో చూసుకున్నాను. అడగలేదు.

ఆ అబ్బాయే వాళ్ల వీధిలో మేడమీద గది అద్దెకిచ్చే పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్లాడు. గది లోపలి గడియ చూసుకున్నాను, ఇంట్లో ఎవరెవరు ఉంటారో అడిగాను, చిరునామా మా చెల్లెలికి పంపాను. ఒంటరిగా వెళ్లేవాళ్లు మొహమాటపడకుండా చేయవలసిన పనులివి. రోజుకు ఏడువందలు, పొద్దున టిఫినుతో. ఆవిడకు డెబ్బై ఉంటాయి. నాకు పిన్నిగారు అనబుద్ధయింది, ఆవిడ అభ్యంతరపెట్టలేదు. తనూ అడిగారు, ఒక్కదానివే వచ్చావా అని. ఒంట్లో బాగాలేక విశ్రాంతికి వచ్చానన్నాను. "అయితే పడుకో" అన్నారు.

పడుకుంటేనా. మొదటి రెండు రోజుల్లో పేరుపాలెం తీరం, దిండి, అంతర్వేది మూడూ చుట్టేశాను. దిండిలో గోదావరి పాయ ఒడ్డున కొబ్బరితోటల మధ్య పర్యాటక శాఖ రిసార్టు ఉంది. ఏటి నీళ్లు, పడవ ఇల్లు, చల్లటి నీడ, అన్నీ బాగుంటాయి. నేను వెళ్లిన పూట మాత్రం పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలు రెండు, వాళ్ల డ్రోన్లు రెండు. పేరుపాలెం ఒడ్డున నిలబడి అక్కడ ఎంతసేపు ఉండాలో ఫోనులో చూసుకుంటున్నానని నాకే తెలిసి నవ్వొచ్చింది. మూడో రోజు కాళ్లు కదలలేదు. ఏడ్చాను, ఎందుకో తెలియదు. టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేశాను. అది 2022 నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న ఉచిత మానసిక ఆరోగ్య సహాయ సేవ, తెలుగులో మాట్లాడతారు. అవతలి గొంతు, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగింది. లేదండీ, అలసిపోయాను అన్నాను. అడిగించుకున్నాక తేలికపడ్డాను. లాడ్జి మేనేజరు కూడా ఆ మాట నేరుగా అడిగి ఉంటే బాగుండేది. ఆ రాత్రి పడుకుని మర్నాడు మధ్యాహ్నం లేచాను.

పిన్నిగారు అరుగు మీద లేసు అల్లుకుంటున్నారు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్న పని. క్రైస్తవ మిషనరీలు వచ్చిన కాలంలో మొదలైంది, నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు మాట ఎత్తితే పిన్నిగారు, "వచ్చిందట, కూలి డబ్బులకు ఇంకా తెలియలేదు" అన్నారు. నాకు అల్లడం రాదు, నేర్పమని అడగనూ లేదు. ఆవిడా నేర్పుతాననలేదు. పక్కన కూర్చుని చూస్తూ ఉండేదాన్ని. పదహారేళ్ల ఉద్యోగంలో లెక్క చెప్పనవసరం లేకుండా ఒకరి పక్కన కూర్చున్నది అదే మొదటిసారేమో.

అయిదో రోజు నుంచి నాకొక పని దొరికింది, పంటు ఎక్కడం. నరసాపురం మాధవాయిపాలెం రేవు నుంచి అవతలి సఖినేటిపల్లి రేవుకు వశిష్ఠ గోదావరి మీద మనుషులనూ బైకులనూ కార్లనూ కలిపి దాటించే బల్లపరుపు పడవ అది. ఈ గట్టు పశ్చిమ గోదావరి, ఆ గట్టు కోనసీమ. వంతెన మాట తరాలుగా వింటూనే ఉన్నారు. నడిచి ఎక్కేవాళ్లకు టికెట్టు ఏ మాత్రమూ కాదు. పంటు నిండేదాకా కదలదు, నిండాక ఎవరు పిలిచినా ఆగదు. కొబ్బరికాయల బస్తాలు, పాల క్యానులు, కాలేజీ పిల్లలు, చేపల తట్టలు. నేను వెళ్లేది, అవతల టీ తాగేది, తిరిగొచ్చేది. రెండో రోజే టికెట్లు చింపే ఆయన, "ఇవాళ కూడా టీకేనా అండీ?" అన్నారు. అవునన్నాను. ఏటికి అటూ ఇటూ పనిలేకుండా తిరిగే మనిషిని వాళ్లు వింతగా చూడలేదు, నాలుగో రోజుకు నాకోసం రెయిలింగు పక్కన చోటు వదిలారు.

అక్కడ నిలబడితే పోటు సంగతి తెలిసింది. సముద్రం దగ్గరే కాబట్టి పోటు ఏటిలోకి ఎక్కుతుంది. రోజుకు రెండుసార్లు, ప్రతిరోజూ ముందురోజుకంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా. రేవు మెట్లలో నిన్న ఈ వేళకు మునిగిన మెట్టు ఇవాళ పొడిగా ఉంటుంది. రెండు మూడు రోజులు చూశాక నేను గడియారం తీసి సంచిలో వేశాను. మెట్లు లెక్కపెట్టుకుంటే సరిపోయేది. ఫోనును కూడా ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి ఇంటికి మాట్లాడటానికి తప్ప తీయలేదు. ఆఫీసు నుంచి మూడు కాల్స్ వచ్చాయి. సెలవులో ఉన్నవాళ్లను అడగకూడదన్నది వాళ్లకూ తెలుసు. బీరువా తాళాల గురించి అడిగినదానికి ఒక్కదానికే జవాబిచ్చాను.

అంతర్వేదికి మళ్లీ వెళ్లాను, ఈసారి తీరిగ్గా, సఖినేటిపల్లి నుంచి ఆటోలో. దారి పొడవునా సార్వా కోతలు అయిపోయిన పొలాలు, అక్కడక్కడా దాళ్వా నారుమళ్లు. ధనుర్మాసం మొదలైంది, ఇళ్ల ముందు ముగ్గుల్లో గొబ్బెమ్మలు. లక్ష్మీనరసింహస్వామి ఆలయాన్ని కట్టించినది కొపనాతి కృష్ణమ్మ అనే ఓడల యజమాని అని చెబుతారు. ఓడలున్న మనిషి కట్టిన గుడి కాబట్టేనేమో, మండపంలో కూర్చుంటే గాలి ఒక క్షణం ఆగదు. గుడి దాటి ముందుకు వెళితే దీపస్తంభం, దాని తరువాత అన్నాచెల్లెళ్ల గట్టు. అక్కడ వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. ఒక పక్క ఏటి నీళ్లు, ఒక పక్క సముద్రపు నీళ్లు, మధ్య ఇసుక.

నీలి సముద్రం ఊహించుకుని వచ్చేవాళ్లు ఇక్కడ నిరాశపడతారు. డెల్టా తీరంలో నీళ్లు మట్టిరంగులో ఉంటాయి, నది మోసుకొచ్చిన ఒండ్రు అది. ఇసుక నల్లగా, మెత్తగా ఉంటుంది. చూడటానికి పెద్దగా ఏమీ లేదు, నాకు కావలసింది అదే. అయితే నీళ్లలోకి దిగవద్దు. ఏరూ సముద్రమూ ఢీకొనే చోట సుడులు, లాగే ప్రవాహం పైకి కనబడవు. ఒంటరిగా వెళ్లినవాళ్లు మడమలు తడుపుకోవడంతో ఆగాలి. చీకటి పడకముందే రేవు దగ్గరికి చేరాలి, చివరి పంటు వేళ ముందే కనుక్కోవాలి.

కాలం కూడా చూసుకోవాలి. కార్తీకంలో పేరుపాలెం తీరం స్నానాల వాళ్లతో, వనభోజనాల వాళ్లతో కిక్కిరిసిపోతుంది. మాఘంలో అంతర్వేది కల్యాణం, భీష్మ ఏకాదశికి రథోత్సవం, గది సంగతి దేవుడెరుగు. సంక్రాంతికి కోనసీమ అంతా కోడిపందేలే. వానాకాలంలో గోదావరికి వరద వస్తే పంటు ఆపేస్తారు. నవంబరులో తుఫాన్ల భయం, 1996 నవంబరు 6 రాత్రి గురించి ఇక్కడ ఎవరిని కదిపినా చెబుతారు. పిన్నిగారు చెప్పినది ఒక్క వాక్యమే: "తెల్లారి చూస్తే కొబ్బరిచెట్టనేది నిలబడి లేదు." డిసెంబరు మధ్యలో మాత్రం ఊరికి పెద్దగా పనిలేదు, నాకూ లేదు.

పదిరోజుల్లో మనిషి మారిపోతాడని నేను చెప్పలేను. నిద్ర వచ్చింది. అన్నం రుచి తెలిసింది, ముఖ్యంగా పిన్నిగారి కొబ్బరి పచ్చడి పెసరట్టులో. డాక్టరు చెప్పినట్టు పని తీరు మారకపోతే రెండు నెలల్లో మళ్లీ మొదటికే వస్తాను. అందుకే నాలుగు మాటలు రాసి పెట్టుకున్నాను, వెళ్లగానే పైవాళ్లతో మాట్లాడటానికి. బీమా పాలసీలు అమ్మే లక్ష్యం నుంచి తప్పించమనడం మొదటిది. ఇస్తారో లేదో తెలియదు. ఆ పెద్దాయన చిరునామా ఖాతాలో ఉంటుంది, ఆయన పని ఎవరైనా పూర్తిచేశారో లేదో చూడటం రెండోది. అది నా చేతిలో ఉన్నదే.

చివరి రోజు సాయంత్రం బండికి ముందు స్టేషను బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. పక్కనే లాడ్జి మేనేజరు, చేతిలో గ్లాసు. నన్ను గుర్తుపట్టడానికి ఆయనకు కాసేపు పట్టింది. ముఖం కాస్త ఎర్రబడింది.

"ఇంకా ఉన్నారా అమ్మా?" అన్నారు.

"ఉన్నానండీ" అన్నాను.

ఆయన కొట్టు అబ్బాయి వైపు తిరిగి, మేడమ్‌గారి టీ డబ్బులు తన ఖాతాలో రాయమన్నారు.