మామ్మగారి దండెం

పొద్దున ఆరున్నరకే ఫోన్. మా కొండ మీద పై వరసలో ఉండే టీచరుగారు. "బాబూ, రాత్రి నుంచి నెట్ నత్తలా పాకుతోంది. ఎనిమిదింటికి మా పాపకి పరీక్ష, కంప్యూటర్లోనే రాయాలి" అన్నారు. గొంతులో కోపం లేదు, టెన్షన్ ఉంది. కోప్పడితే తట్టుకోగలను గానీ, ఇలా మెత్తగా అడిగితే నాకు టీ కూడా సహించదు.

ఆ ఇళ్లకి గాల్లోంచి నెట్ అందుకునే రేడియో డిష్షు ఒకటుంది, ఫోన్లోనే దాని పేజీ తెరిచి చూశాను. రోజూ మైనస్ 58 దగ్గర ఉండే సిగ్నల్ మైనస్ 77కి పడిపోయింది. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. 75 దాటితే పేజీ తెరుచుకోవడమే గగనం. ఆ డిష్షు మీద ఒక్క టీచరుగారిల్లే కాదు, 11 ఇళ్లున్నాయి.

మాది విజయవాడ వన్‌టౌన్ వైపు కొండ. గ్యాస్ బండ దగ్గర్నుంచి పెళ్లి బీరువా దాకా అన్నీ భుజాల మీద మెట్లెక్కాల్సిందే. ఫైబర్ కింద రోడ్డు దాకా వచ్చి ఆగిపోయింది. పైకి లాగాలంటే వైరు పదిమంది గోడలు పట్టుకుని పోవాలి, వానలకి మట్టి జారిందంటే పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకే లైసెన్సున్న కంపెనీ దగ్గర ఫ్రాంచైజీ తీసుకుని, కింద ఒక మూడంతస్తుల మేడ దాకా ఫైబర్ తెప్పించుకుని, అక్కణ్ణించి 600 మీటర్లు గాల్లోనే కొండకి పంపిస్తున్నాను. ఈ రేడియోలు వాడే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో చాలా భాగానికి లైసెన్సు అక్కర్లేదని 2018లో కేంద్రం చెప్పబట్టే నాలాంటివాడు ఈ పని చేయగలుగుతున్నాడు. మొత్తం 64 ఇళ్లు, ఇంటికి నెలకి 400.

ఏడుంపావుకల్లా పైకెక్కాను. ముందు పాప పరీక్ష చూడాలి కదా, నా ఫోన్లో హాట్‌స్పాట్ పెట్టి వాళ్ల టేబుల్ మీదే వదిలేసి, నాతో పనిచేసే కుర్రాడి ఫోన్ తీసుకుని డాబా మీదకి వెళ్లాను.

మొదటి అనుమానం డిష్షు వైరు చివరుండే కనెక్టర్ మీదే. ఎండకీ వానకీ దాని పిన్నులు తుప్పు పడతాయి. కోసేసి కొత్తది వేశాను. తెల్ల నారింజ, నారింజ, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఎనిమిది తీగలూ వెంట్రుకవాసి తేడా లేకుండా వరసలో కూర్చోవాలి. ఎన్ని వందలసార్లు వేసినా, క్రింపింగ్ టూల్ నొక్కే ముందు ఇంకోసారి వరస చదువుకుంటాను. నొక్కాను. రీడింగ్ మాత్రం కదల్లేదు.

అప్పుడు డిష్షు వెనక గొంతుక్కూర్చుని, అది చూసే వైపే నేనూ చూశాను. అసలు సంగతి అప్పుడు తెలిసింది. రెండు వరసల కింద ఆటో అన్న ఇంటి మీద సెంట్రింగ్ లేచింది. ఇనప రేకులు, సర్వీ కర్రలు. సందులోంచి కింది మేడ మీది డిష్షు నా కంటికి ఆనుతూనే ఉంది. కానీ రేడియోకి అది చాలదు. ఇంత దూరానికి నడి మధ్యలో, ఆ చూపు చుట్టూ రెండున్నర మీటర్ల పైచిలుకు మేర ఖాళీ ఉంటే మంచిది. అందులో సగానికి పైగా మూసుకుపోయిందా, ఇదిగో, ఇలా అవుతుంది.

ఆటో అన్న పైకొచ్చి, "నీకేమన్నా అడ్డమా తమ్ముడూ?" అన్నాడు. ఏమంటాను? ఇన్నేళ్లూ రేకుల కింద ఉడికిన మనిషి, ఇప్పటికి స్లాబ్ వేసుకుంటున్నాడు. "లేదన్నా, నేనే పక్కకి జరుపుకుంటాను" అన్నాను.

జరపాలంటే పక్కన మామ్మగారి డాబా ఒక్కటే. అక్కడ కింది మేడ బాగా ఆనే మూల ఒకటే ఉంది, అందులో ఆవిడ దండెం కట్టి ఉంది. అడగడానికి నోరు రాలేదు. నేను ఆ మూలనే నిలబడి చూస్తుంటే ఆవిడే ఆరేసిన చీరలు ఒక్కొక్కటీ తీసి భుజాన వేసుకుంటూ, "కడ్డీ పాతుకో నాయనా, బట్టలు ఎక్కడైనా ఆరతాయి" అంది. కరెంటు ఆవిడిది, నెట్ నాది. ఒప్పందం అంతే, కాయితం కూడా లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు రాజరాజేశ్వరిపేట నుంచి ఆవిడ చెల్లెలి కుటుంబం కట్టుబట్టలతో ఈ డాబా మీదకే వచ్చింది. మా లింకు ఆ నాలుగు రోజులూ నిలబడింది. పాస్‌వర్డ్ తీసేశాను. మెట్ల మీద కూర్చుని ఎవరెవరో తమవాళ్లకి "బతికే ఉన్నాం" అని చెప్పుకుంటున్నారు. ఆ మాటలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. ఎండలో మెట్లెక్కుతూ విసుగు పుట్టినప్పుడల్లా గుర్తొస్తాయి.

ఈలోగా పాప పరీక్ష పూర్తిచేసిందట. నా ఫోన్ ఇస్తూ రెండు అరటిపండ్లు చేతిలో పెట్టింది. కుర్రాడి ఫోన్ వాడికిచ్చి, వాణ్ణి కింది మేడ మీదకి పంపి, ఇద్దరం రెండు వైపులా డిష్షులు తిప్పాం. "ఎంతుందిరా?" "70... 66... 61... ఆగన్నా, పోయింది, వెనక్కి, వెనక్కి." నట్టు బిగించేటప్పుడే మళ్లీ అర డిగ్రీ జరుగుతుంది, అక్కడే ఓపిక కావాలి. చివరికి 56 దగ్గర నిలిచింది. పన్నెండింటికి 11 ఇళ్లూ లైన్లోకొచ్చాయి. ఫోన్ ఇస్తూ రెండు అరటిపండ్లు చేతిలో పెట్టింది.

మధ్యాహ్నం రెండు రీచార్జీలు, ఒక అడాప్టర్ మార్పిడి. చెప్పుకోదగ్గవి కావు.

సాయంత్రం మామ్మగారి డాబా మీదకి ఇంకోసారి వెళ్లాను. పొద్దున హడావిడిలో దండెం తీసి వాటర్ ట్యాంకు పైపుకి కట్టేశాను. నా ఎత్తుకి కట్టాను. ఆవిడ మునివేళ్ల మీద నిలబడి, చీర కొంగు పైకి విసురుతూ అవస్థ పడుతోంది. చూసి ప్రాణం ఉసూరుమంది. అప్పటికి తాడు ఒక జానెడు దించాను గానీ, పైపుకి ఇంకా కిందకి కట్టే వీలు లేదు. రేపు పొద్దున్నే నైలాన్ తాడు, రెండు కొక్కేలు కొనాలి. గోడకి దింపేముందు ఆవిణ్ణి అక్కడ నిలబెట్టి, చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో చూసి గుర్తు పెట్టాలి.