నీళ్లు తాగాలంటే బాత్రూమ్ ఉండాలి

విజయవాడలో ఒక బట్టల షాపులో సేల్స్‌లో పనిచేస్తాను. పొద్దున పదింటికి చీరల కౌంటర్ దగ్గర నిలబడితే రాత్రి దాకా అదే పని. ఆడవాళ్లకు బాత్రూమ్ పై అంతస్తులో ఒక్కటే ఉండేది. వెళ్లాలంటే ఫ్లోర్ ఇన్‌చార్జిని అడగాలి. పదిమంది కస్టమర్ల ముందు మగమనిషిని ఆ మాట ఎలా అడుగుతాం? అందుకే మాలో ఎవరం మధ్యాహ్నం భోజనం దాకా గుక్కెడు నీళ్లు కూడా తాగేవాళ్లం కాదు. లోపల ఏసీ, పెద్దగా దాహం కూడా వేయదు. సాయంత్రం నీరసం వస్తే ఒక కూల్‌డ్రింక్ తెప్పించుకునేవాళ్లం.

ఎండలు ముదిరాక, పెళ్లిళ్ల సీజన్‌లో, ఒక రాత్రి కుడివైపు పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. గ్యాస్ అనుకుని వాము నమిలాను. కాసేపటికి అది పొత్తికడుపులోకి పాకింది. కూర్చోలేను, పడుకోలేను, గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. కాస్త తగ్గినట్టే తగ్గి మళ్లీ మెలిపెట్టేది. వాంతులు. మూత్రం కషాయం రంగులో వచ్చింది. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, ఆ నొప్పులకు ఇది ఏమాత్రం తక్కువ కాదు. మా ఆయన ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లి ఇంజెక్షన్ చేయించాక గానీ నోట మాట రాలేదు. స్కానింగ్‌లో కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళంలో 5 మిల్లీమీటర్ల రాయి కనిపించింది.

"ఈ సైజు రాళ్లు చాలావరకు వాటంతటవే పడిపోతాయమ్మా. కానీ చలిజ్వరం వచ్చిందంటే మాత్రం అర్ధరాత్రయినా సరే వచ్చెయ్" అన్నారు డాక్టరమ్మ. నాళం వదులయ్యే మాత్ర, నొప్పి మాత్రలు రాశారు. రాళ్లకు మంచిదని మా పిన్ని కొండపిండాకు తెచ్చింది, పక్కింటావిడ ఉలవకట్టు పంపింది. తినాలనుకుంటే తిను, మాత్రలూ స్కానింగూ మాత్రం మానొద్దన్నారు డాక్టరమ్మ.

మూత్రాన్ని టీ వడపోసే జాలీలో పట్టి చూసుకోమన్నారు. చివరికి ఒక తెల్లవారుజామున టక్కున చప్పుడైంది. గోధుమరంగు రాయి, ఒకపక్క నున్నగా, ఇంకోపక్క ముళ్లుముళ్లుగా ఉంది. ఇంత చిన్నదా నన్ను అంత ఏడిపించింది! ల్యాబ్‌కి పంపితే కాల్షియం ఆక్సలేట్ అనే లవణంతో ఏర్పడిన రాయి అన్నారు. ఎక్కువమందికి వచ్చే రకం ఇదేనట. నీళ్లు తక్కువై మూత్రం చిక్కబడితే ఆ లవణాలు కరగకుండా గట్టిపడతాయి.

మళ్లీ రాకుండా ఉండాలంటే రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేంత నీళ్లు తాగాలన్నారు. గ్లాసులు లెక్కపెట్టడం కన్నా రంగు చూసుకోవడం మేలు. లేత పసుపులో ఉంటే చాలు. 1996లో ఇటలీ డాక్టర్లు ఒక పరిశోధన ప్రచురించారు. మొదటిసారి రాయి వచ్చినవాళ్లను అయిదేళ్లు గమనిస్తే, నీళ్లు బాగా తాగినవాళ్లలో 12 శాతం మందికి, మిగతావాళ్లలో 27 శాతం మందికి మళ్లీ రాయి వచ్చింది. ఉప్పు, నిల్వ పచ్చళ్లు తగ్గించమన్నారు, నిమ్మరసం తాగమన్నారు. కాల్షియం రాయి కదా అని పాలు, పెరుగు మానొద్దన్నారు. అన్నంతో పాటు వెళ్లిన కాల్షియం, తిండిలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థాన్ని పేగులోనే పట్టేస్తుందట.

అన్నీ సరే. షాపులో ఎలా తాగాలి? మందుల చీటీ పట్టుకుని మేం నలుగురం క్యాష్ కౌంటర్‌లో కూర్చునే ఓనర్‌గారి భార్య దగ్గరికి వెళ్లాం. మా ఫ్లోర్‌లోనే అట్టపెట్టెలు కుక్కి తాళం వేసిన బాత్రూమ్ ఒకటుంది. దాన్ని ఖాళీ చేయించమని, ఎవరినీ అడక్కుండా వంతులవారీగా వెళ్లనివ్వమని అడిగాం. ఆవిడ రాయి ఫొటో చూసి అప్పటికప్పుడే తాళం తీయించారు. ఆడవాళ్లను నీళ్లు తాగండి తాగండి అనేవాళ్లు ముందు ఆ తాళాల సంగతి చూడాలి.

ఇప్పుడు కౌంటర్ కింద నా లీటర్ బాటిల్ ఉంటుంది. కూల్‌డ్రింక్ మానేశాను. పావు లీటరు సీసాలో పాతిక గ్రాములకు పైనే చక్కెర ఉంటుంది. బరువు కూడా తగ్గాను, జాకెట్లు వదులయ్యాయి. నీళ్లు కొవ్వును కరిగిస్తాయంటే నేను నమ్మను. చక్కెర నీళ్ల చోటులోకి మంచినీళ్లు వచ్చాయి, అంతే.

మొన్నటి స్కాన్‌లో రాళ్లేమీ లేవు. ఇంట్లో అందరికీ బాటిల్ కొన్నాను, ఒక్క మా అత్తగారికి తప్ప. ఆవిడకు గుండె జబ్బు, కాళ్ల వాపు. ఎన్ని నీళ్లు తాగాలో డాక్టర్ కొలత రాసిచ్చారు. ఆవిడ గ్లాసు ఆ కొలత ప్రకారమే నింపుతాను.