సైలూరియన్ రాయి మీద అసిటేట్ పొరలు: విశాఖలో పని ఎక్కడిదాకా వచ్చింది

శిలాజాలున్న సున్నపురాయి ముక్కల మీద అసిటేట్ పొరలు (రాతి ముఖం అచ్చును పట్టుకునే పల్చని ప్లాస్టిక్ షీట్లు) తీసే పని ఈ నెలతో ఒక దారిన పడింది. పగడాల గదులు పొరలో గీత గీతగా తేలుతున్నాయి. బ్రాకియోపాడ్ అనే రెండు చిప్పల సముద్ర జీవి గవ్వ ఒకదాన్ని కొద్దికొద్దిగా అరగదీస్తూ లోపల ఏముందో చూడటం కూడా మొదలైంది. విశాఖలో ఉంటూ ఇలాంటి పని చేయాలనుకునే వారికోసం వివరాలు రాసి పెడుతున్నాను.

శిలాజాల కోసం మన కైలాసగిరి, సింహాచలం కొండల్లో వెతికి లాభం లేదు. అక్కడున్నది ఖోండలైట్. ఎప్పుడో బురదగా పేరుకున్న మట్టే భూమి లోతుల్లో ఉడికి, నలిగి, గార్నెట్, సిలిమనైట్ స్ఫటికాలుగా మారింది. ఇది సుమారు వంద కోట్ల ఏళ్ల కిందటి మాట. 44.3 కోట్ల ఏళ్ల కిందట సైలూరియన్ యుగం మొదలయ్యేనాటికే ఇవి పాతబడిన రాళ్లు. అప్పుడు మనకు బంగాళాఖాతం కూడా లేదు, తూర్పు కనుమల పక్కన అంటార్కిటికా ఆనుకుని ఉండేది.

కాబట్టి రాయి బయటినుంచి రావాల్సిందే. నా దగ్గరున్నవి ఇంగ్లండ్‌లోని డడ్లీ దగ్గర రెన్స్ నెస్ట్ కొండ నుంచి మా పిన్ని కొడుకు తెచ్చిన, సైలూరియన్ కాలపు వెన్‌లాక్ సున్నపురాయి ముక్కలు, వయసు సుమారు 43 కోట్ల ఏళ్లు. అక్కడ సుత్తి వాడటం నిషిద్ధం, కింద రాలి పడినవాటిలోంచే కొద్దిగా ఏరుకోవాలి. 1956లో బ్రిటన్‌లో భూగర్భ విశేషాల కోసమే రక్షిత ప్రాంతంగా ప్రకటించిన మొదటి చోటు అది. నేను వాడే పద్ధతికి మూలమైన జాయ్, విల్లిస్, లేసీల పత్రం కూడా 1956లోనే వచ్చింది. వాళ్లు దాన్ని శిలాజ మొక్కల కోసం రూపొందించారు, సున్నపురాయికీ అంతే చక్కగా పనికొస్తుంది.

పని ఇలా సాగుతుంది. రాయిని మార్బుల్ కోసేవారి దగ్గర నీళ్లు పోస్తూ కోయించాలి. కోసిన ముఖాన్ని కారు పెయింటు సామాన్లు అమ్మే దుకాణాల్లో దొరికే వాటర్ పేపరు మీద తడిగా రుద్దాలి. గరుకు నంబరు 220తో మొదలుపెట్టి 400, 600, చివరికి అన్నిటికంటే నున్నని 1000. గీత ఒక్కటి మిగిలినా అది పొరలోకి ఎక్కుతుంది కాబట్టి 600 దగ్గర తొందరపడకూడదు. తరువాత 5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పదిహేను, ఇరవై సెకన్లు ముంచి, మంచినీళ్లతో కడిగి, ముఖాన్ని వేలితో తాకకుండా ఆరబెట్టాలి. ఆమ్లాన్ని ఎప్పుడూ నీళ్లలో పోయాలి గానీ నీళ్లను ఆమ్లంలో పోయకూడదు. ఆరిన ముఖం మీద అసిటోన్ ధారాళంగా పోసి, వెంటనే అసిటేట్ షీటును ఒక అంచు నుంచి మెల్లగా వాల్చాలి. అరగంట పైన ఆగి లాగితే రాతి ముఖం అచ్చు షీటుతో వచ్చేస్తుంది.

స్టేషనరీ దుకాణాల్లో పారదర్శక షీట్లు కొనేటప్పుడు జాగ్రత్త. చాలావరకు పాలిస్టర్, అసిటోన్‌కు చలించదు. మూలన ఒక చుక్క వేసి చూడండి. మెత్తబడి అంటుకుంటే అసిటేట్. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది గనుక పొయ్యి, దీపం ఉన్న గదిలో ఈ పని వద్దేవద్దు.

మన ఊరికి ప్రత్యేకమైన ఇబ్బంది సముద్రపు తేమ. అసిటోన్ ఆవిరవుతూ రాతి ముఖాన్ని చల్లబరుస్తుంది, గాలిలోని తేమ అక్కడ చేరి పొర పాలలా తెల్లబడుతుంది. వానాకాలంలో ఇది తప్పదు. రాయిని ముందు ఎండలో కాసేపు ఉంచి, గోరువెచ్చగా ఉండగానే పొర వేస్తే బాగా తగ్గింది. డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలు అన్నిటికంటే మేలు.

పొరను గాజు పలకల మధ్య నొక్కి, ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో 2400 డీపీఐకి స్కాన్ చేస్తున్నాను. ఫావోసైట్స్ పగడాన్ని అడ్డంగా కోసిన పొరలో గదులు తేనెపట్టులా పక్కపక్కన ఉన్నాయి. నిలువుగా కోస్తే ఒక్కో గొట్టంలో అంతస్తుల్లా అడ్డపలకలు. జీవి పైకి పెరుగుతూ కింద వదిలేసిన నేల ఒక్కోటీ ఒక్కో పలక. బయటినుంచి చూస్తే ఆ రాయి ఒక బూడిదరంగు గడ్డ మాత్రమే.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం ఒక చిన్న గవ్వ. దాని లోపల కింది సగంలో నల్లని బురద, పై సగంలో తెల్లని కాల్సైట్ (సున్నపురాయిలో ఉండే ఖనిజం), రెండింటి మధ్య సరళరేఖ. జీవి చచ్చాక గవ్వలోకి బురద కొంతే చేరి సమమట్టంగా స్థిరపడింది, మిగిలిన ఖాళీలో తరువాత కాల్సైట్ పెరిగింది. ఆ గీత 43 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగున ఏది కిందో, ఏది పైనో చెబుతుంది. ముక్క కొండలో ఏ రాతి పొరలో ఎలా పడి ఉందో తెలియని నాలాంటివారికి ఇంతకంటే విలువైన ఆధారం దొరకదు. ఇప్పుడు ప్రతి ముక్క మీదా పైదిక్కును బాణం గుర్తుతో రాసి ఉంచుతున్నాను.

గవ్వలను వరుసగా అరగదీయాలన్న కోరిక ఇంగ్లండ్‌లోని హియర్‌ఫర్డ్‌షైర్ శిలాజాల వల్ల పుట్టింది. అవీ సైలూరియన్‌వే, అగ్నిపర్వత బూడిదలో ఉన్న సున్నపు గుండ్లలో మెత్తని అవయవాలతో సహా నిలిచాయి. పరిశోధకులు వాటిని కొన్ని పదుల మైక్రాన్ల చొప్పున అరగదీస్తూ, ప్రతి దశనూ ఫొటో తీసి, కంప్యూటర్‌లో జీవిని మళ్లీ కట్టారు. అరిగిపోయిన రాయి ఇక తిరిగి రాదు, అయినా అందులోని జీవిని వాళ్లు దక్కించుకున్నారు. ఇది నాకు గొప్ప సాహసంగా కనిపిస్తుంది.

నా సాధనాలకు అంత సూక్ష్మత రాదు. నా బ్రాకియోపాడ్ అట్రైపా అనే రకం. దాని గవ్వను ముక్కు వైపు నుంచి అర మిల్లీమీటరు చొప్పున తగ్గిస్తూ, వెర్నియర్ కాలిపర్‌తో కొలుస్తూ, ప్రతిచోటా ఒక పొర తీస్తున్నాను. అట్రైపా లోపల మేతను వడగట్టే అవయవానికి ఆధారంగా రెండు సున్నపు చుట్టలు ఉంటాయి. కోతలో అవి చుక్కల వరుసలుగా కనిపించాలి. చివరి రెండు పొరల్లో ఒక పక్కన అలాంటి చుక్కలు మొదలయ్యాయి, రెండో పక్క ఇంకా బురదే. లెక్కప్రకారం మరో రెండు మిల్లీమీటర్లలో చుట్ట వెడల్పైన భాగం రావాలి. అక్కడి నుంచి ఒక్కోసారి అరగదీసేది పావు మిల్లీమీటరుకు తగ్గిస్తాను, 1000 పేపరు ఒక్కటే వాడతాను. ఆ తరువాత అలిజరిన్ రెడ్ రంగు వేసి చూడాలి: కాల్సైట్ ఎర్రబడుతుంది, దానిలాగే కనిపించే మెగ్నీషియం ఉన్న ఖనిజం డోలమైట్ ఎర్రబడదు.