సీసా పంపినవారికి జవాబు

నిరుడు చలికాలం మొదట్లో స్వీడన్ నడిమి భాగంలోని ఒక పల్లెలో వేటగాళ్ళ సమావేశం జరిగితే, మా ప్రయోగశాల తరఫున నన్ను పంపించారు. ఎలుగుబంట్ల జన్యు వైవిధ్యం గురించి కాసేపు మాట్లాడి, తెర మీద పట్టికలు చూపించి కూర్చున్నాను. వెనుక వరుసలో డెబ్బై దాటిన ఒక పెద్దాయన లేచి, ఏ మొహమాటమూ లేకుండా అన్నారు: “ఈ లెక్కలు మీరు మీకోసం చేసుకున్నవి. చిత్తడి నేల అవతల, కిందటి ఏడాది పిల్లలతో తిరిగిన ఆడ ఎలుగు మలాన్ని నేను ఏరి సీసాల్లో పెట్టి పంపాను. ఈసారి వేటలో చచ్చింది అదేనా, కాదా? నాకు తెలియవలసింది అదొక్కటే.” జిల్లా అధికారి ఆ మాటను నాకు ఇంగ్లీషులో చెప్పేంతవరకు ఆయన కూర్చోలేదు.

నాకు కోపం వచ్చింది. మన వైపు ఊరికి వచ్చిన ఆడపిల్లను నలుగురిలో అట్లా నిలదీయరు. చాయ్ పోసి, తిన్నావా అని అడిగి, ఆ తరువాత మెల్లగా మాట కదుపుతారు. పైగా ఆ లెక్కలు పనికిమాలినవి కావు. 1930 ప్రాంతంలో స్వీడన్‌లో మిగిలిన ఎలుగుబంట్లు 130 దాకా మాత్రమేనని అంచనా. రక్షణ దొరికాక అవి పెరిగి 2008 నాటికి 3,300 వరకు చేరాయి. అంత కొద్ది జంతువుల నుంచి పెరిగిన సంతతిలో దగ్గరి రక్తం ఎంత కలిసిపోయిందో, ఉత్తరాదివాటికీ దక్షిణాదివాటికీ మధ్య రాకపోకలు ఉన్నాయో లేవో తెలియకుండా, ఏటా ఎన్నింటిని వేటాడనివ్వవచ్చో నిర్ణయించడం చీకట్లో రాయి వేయడమే అవుతుంది.

అయితే ఆ పెద్దాయన అడిగినదానికీ జవాబు ఉంది, అది కూడా ఆ సీసాల్లోనే ఉంది. అక్కడ శరదృతువులో మూస్ అనే పెద్ద జింక వేటకు అడవిలోకి వెళ్ళే మామూలు వేటగాళ్ళే ఎలుగుబంటి మలం కనబడితే కొంచెం తీసి సీసాలో వేసి, చోటూ తేదీ రాసి పంపుతారు. మలం పైపొరకు అంటుకుని వచ్చే పేగు కణాల్లో ఆ జంతువు డీఎన్‌ఏ ఉంటుంది. దానితో అది ఆడదో మగదో, ఇంతకుముందు దొరికినదో కొత్తదో చెప్పవచ్చు. కాల్చిన ప్రతి ఎలుగుబంటినీ అధికారులకు చూపించి, దాని కణజాలం ఇవ్వడం తప్పనిసరి. ఈ వివరాలన్నీ స్వీడన్, నార్వే దేశాలు కలిసి నడిపే రోవ్‌బేస్ అనే పట్టికలోకి చేరుతాయి. జిల్లా అధికారి అక్కడికక్కడే కంప్యూటర్ తెరిచి చూస్తే, ఆయన సీసాల్లోని ఎలుగూ, వేటలో చచ్చిన ఎలుగూ వేరువేరని తేలింది. పెద్దాయన తల ఊపి కూర్చున్నారు.

ఒక్క సీసాలోంచి రెండు రకాల జవాబులు వస్తాయన్నమాట. మొదటిది మొత్తం సంతతి ఆరోగ్యానికి సంబంధించినది. పరిశోధనా పత్రం అవుతుంది, పరిశోధకులకు పేరూ, తరువాతి మూడేళ్ళకు నిధులూ తెస్తుంది. రెండోది ఈ వాగు పక్కన తిరిగే ఈ జంతువు సంగతి. దానికి పత్రమూ లేదు, పేరూ లేదు. అడవిలో రేపు పొద్దున ఏదో ఒకటి నిర్ణయించవలసిన మనిషికి మాత్రం ఈ రెండోదే కావాలి. జన్యుశాస్త్రానికీ అడవి పనికీ మధ్య దూరం ఉందని నా రంగంలో అందరూ ఒప్పుకుంటారు, దాని మీద సదస్సులు కూడా పెడతారు. కానీ ఆ దూరం ఎక్కడ మొదలవుతుందో ఆ పెద్దాయన చూపించినంత స్పష్టంగా ఏ సదస్సులోనూ నేను వినలేదు.

ఆ రాత్రి మా మేనమామకు ఫోన్ చేశాను. ఆయన అటవీ శాఖలో బీట్ ఆఫీసర్‌గా, అంటే అడవిలో ఒక చిన్న భాగాన్ని కాసే ఉద్యోగిగా చేరి, ఏటూరునాగారం, తాడ్వాయి, కాగజ్‌నగర్ అడవుల్లో తిరిగి తిరిగి, సెక్షన్ ఆఫీసర్‌గా రిటైరై ఇప్పుడు హన్మకొండలో ఉంటున్నాడు. అంతా విని, “ఆ ముసలాయన అదృష్టవంతుడు బిడ్డా” అన్నాడు. “అడిగితె చెప్పేటోళ్ళున్నరు ఆయనకు. మేం పులి పెంట ఏరి, కవర్ల వెట్టి, తేదీ రాసి, జాగ రాసి ఇచ్చినం. అది ఆడిదో మొగదో గూడ మాకు మల్ల ఎవ్వరూ చెప్పలె.”

ఆ కవర్లు ఎవరు తీసుకుపోయారన్నది ఇక్కడ అనవసరం. వాటిని మామ ఎట్లా తీసేవాడో మాత్రం చెప్పాలి. చెయ్యి తగలకుండా రెండు పుల్లలతో పైన ఎండిన పొరను మాత్రమే గీకి తీసేవాడు. లోపలిది అది తిన్న జింకదో పందిదో, దానితో పని లేదు. ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుందని గమనించి, కాగితం కవర్లోకి మార్చి, కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లాన్ని దానికి జత చేసేవాడు. ఇది ఎవరూ నేర్పింది కాదు. మే నెలలో నలభై ఐదు డిగ్రీల ఎండకు డీఎన్‌ఏ ముక్కలు ముక్కలవుతుందనీ, తేమను మించిన శత్రువు దానికి లేదనీ నేను ఎమ్మెస్సీలో చదువుకున్నాను. అదే సంగతిని ఆయన బూజు చూసి తెలుసుకున్నాడు. స్వీడన్ చలిలో ఒక సీసా ఇస్తే సరిపోయే పనికి మన దగ్గర ఇంత జాగ్రత్త కావాలి. ఇంత జాగ్రత్త తీసుకున్న మనిషికి ఒక వాక్యం జవాబు రాకపోవడమే నన్ను ఇప్పటికీ కలవరపెడుతున్నది.

ఆ ఒక్క వాక్యానికి విలువ ఎంతో 2020 నవంబరులో కాగజ్‌నగర్ వైపు అందరూ చూశారు. దహెగాం మండలం దిగిడలో ఒక యువకుణ్ణి పులి చంపింది. ఆ నెల గడవకముందే పెంచికల్‌పేట మండలంలో పత్తి చేనులో ఒక అమ్మాయి ప్రాణం పోయింది. రెండు చోట్లా దాడి చేసింది ఒకే పులా, వేరువేరు పులులా అన్నదే అప్పుడు ఊళ్ళ ప్రశ్న. పట్టుకోవాలా, వదిలేయాలా అన్నది కూడా దాని మీదే ఆధారపడుతుంది. చారలు కెమెరాకు చిక్కితే కొంత తెలుస్తుంది. గాయం దగ్గర అంటిన లాలాజలం దొరికితే ఇంకా గట్టిగా తెలుస్తుంది. కానీ ఆ లాలాజలం ఎంతసేపు ఉంటుంది? శవానికి స్నానం చేయించేంతవరకే. పొద్దు గూకకముందు కానివ్వాలని పెద్దలు తొందరపడుతుంటే, పోస్టుమార్టం దగ్గర ఒకరు ధైర్యం చేసి, ఇంటివాళ్ళను బతిమాలి, దూది పుల్లతో ఆ తడిని తీయాలి. ఆ పుల్ల, ఆ సీసా జిల్లా కేంద్రంలోని బీరువాలో ఉంటే లాభం లేదు. మొదట చేరుకునే బీట్ ఆఫీసర్ సంచిలో ఉండాలి. నా దృష్టిలో జన్యుశాస్త్రం అడవికి పనికిరావడమంటే ముందు ఇదీ, ఆ తరువాతే మిగిలినదంతా.

మాతో పనిచేసేవాళ్ళు మంచి మనసుతోనే, “మీ పులి నమూనాలు ఇక్కడికి పంపండి, చేసిపెడతాం” అంటుంటారు. వద్దంటాను. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం అనుమతి లేకుండా అవి దేశం దాటకూడదు, ఆ చట్టం సరైనదేనని నా నమ్మకం. అసలు అవసరమేముంది? హైదరాబాద్ అత్తాపూర్‌లో, జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థ వారి లాకోన్స్ ఉంది. చర్మం ముక్కో, వండిన మాంసమో, ఎముకో ఇస్తే అది ఏ జంతువుదో తేల్చగల ప్రయోగశాల అది. కాజీపేటలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి నమూనాను అక్కడ అప్పగించవచ్చు. మనకు తక్కువైంది యంత్రమూ కాదు, చదువుకున్నవాళ్ళూ కారు.

పోల్చేటప్పుడు ఇంకొకటి కూడా న్యాయంగా చూడాలి. స్వీడన్ దాదాపు నాలుగున్నర లక్షల చదరపు కిలోమీటర్ల దేశం, జనం కోటికి కాస్త ఎక్కువ. తెలంగాణ అందులో నాలుగో వంతు. 2011 జనాభా లెక్కల్లోనే మనం మూడున్నర కోట్లు. అక్కడ కొన్ని వందల తోడేళ్ళ మీద ఏళ్ళ తరబడి రాజకీయం నడుస్తున్నది; మన గోండు, కోలాం గూడేలవాళ్ళు పులి తిరిగే తోవ పక్కనే పత్తి ఏరుకుంటూ, పశువు పోతే పరిహారం కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతూ కూడా అడవి మీద పగ పట్టలేదు. ఈ ఓర్పు ఏ రోవ్‌బేస్‌లోనూ నమోదు కాదు.

అయినా ఆ తోడేళ్ళ విషయంలో అక్కడివారు చేసినదాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. 1980ల్లో స్వీడన్, నార్వేల తోడేళ్ళ సంతతి ఒకే జంటతో మళ్ళీ మొదలై, తోబుట్టువులే జతకట్టే స్థితికి వచ్చింది. 1991లో తూర్పు నుంచి వచ్చిన ఒక్క మగ తోడేలు పిల్లలు కన్నాకే సంఖ్య పెరిగింది. అది డీఎన్‌ఏతోనే బయటపడింది. ఆ తరువాత తూర్పు నుంచి కొత్త తోడేలు వస్తే మలం, వెంట్రుకలతో దాన్ని గుర్తుపట్టి, రెయిండీర్ జింకలను మందలుగా మేపే ప్రాంతంలో ఉంటే దక్షిణానికి తరలించిన సందర్భాలు కూడా ఉన్నాయి. మన కవ్వాల్‌కు 2012లో టైగర్ రిజర్వ్ హోదా వచ్చింది. మహారాష్ట్రలోని తాడోబా అడవి వైపు నుంచి పులులు పెన్‌గంగ, ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ దాకా వస్తున్నాయి కానీ, అక్కడినుంచి కవ్వాల్ నడిమికి పోయి స్థిరపడటం కష్టమవుతున్నది. దారిలో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం ఉంది, రోడ్లున్నాయి, గనులున్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని ఇంద్రావతి అడవి వైపు నుంచి గోదావరి దాటి ములుగు అడవికి వచ్చేవి వేరే. ఏ పులి ఎటునుంచి వచ్చిందో, ఏ తోవ ఇంకా తెరిచి ఉందో పెంట చెబుతుంది. ఆ మాట వంతెన కట్టే ఇంజనీరు దాకా, బీట్ ఆఫీసర్ దాకా పోవాలి.

ఇప్పుడు మామా నేనూ కలిసి బీట్ సిబ్బంది కోసం తెలుగులో ఒక పేజీ కాగితం తయారు చేస్తున్నాం. నేను పెట్టిన గడుల్లో సగం ఆయన కొట్టేశాడు. “నమూనా ఏరినవారి పేరు, ఫోన్ నంబరు” పైన ఉండాలన్నాడు, దాని కింద “మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు?” అన్న గడి పెట్టించి, మచ్చుకు తానే నింపాడు: “కవ్వాల్ దిక్కు పోయి వాపసొచ్చిన పులి ఇదేనా?” నమూనా బాగుంటే, పాత నమూనాతో పోల్చి దీనికి జవాబు ఇవ్వవచ్చు. తేలనిది ఒక్కటే: ఆ జవాబు మీద సంతకం ప్రయోగశాలదా, జిల్లా అటవీ అధికారి డీఎఫ్ఓదా? అది తేలితే ఈ ఎండాకాలానికే అచ్చు వేయిద్దామని హన్మకొండ చౌరస్తాలో ప్రెస్ అతనితో మామ రేటు కూడా మాట్లాడి పెట్టాడు.