ప్రహ్లాదుని తండ్రి అడిగిన ప్రశ్నలు

ప్రహ్లాద చరిత్రను మనం భక్తుని కథగా వింటూ పెరిగాము. స్తంభం పగిలే ఘట్టానికి చేరుకోవాలన్న తొందరలో, అంతకు ముందు ఒక తండ్రికీ కొడుకుకూ మధ్య నడిచిన మాటలను పోతన ఎంత ఓపికగా చిత్రించాడో గమనించకుండానే దాటిపోతుంటాము. పిల్లలను పెంచుతున్నవారు భాగవత సప్తమ స్కంధంలోని ఆ భాగాన్ని ఒక్కసారైనా హిరణ్యకశిపుని వైపు నుంచి చదవాలని నా అభిప్రాయం. కొంచెం ఇబ్బంది కలుగుతుంది, కలగడమే మంచిది.

చదువనివాఁ డజ్ఞుం డగుఁ
జదివిన సదసద్వివేక చతురత గలుగుం
జదువఁగ వలయును జనులకుఁ
జదివించెద నార్యులొద్దఁ జదువుము తండ్రీ!

తెలుగు పిల్లలకు కంఠస్థం చేయించే ఈ పద్యం హిరణ్యకశిపుని నోటి మాట. చదివితే మంచిచెడ్డలను విడదీసి చూసే నేర్పు కలుగుతుందని కొడుకును లాలనగా 'తండ్రీ' అని పిలిచి చెప్పిన రాక్షసరాజు, శుక్రాచార్యుని కుమారులైన చండామర్కులకు ఆ బాలుని అప్పగిస్తూ మాత్రం వేరొక మాట అన్నాడు. వీడు గుడ్డివాడిలా ఉంటాడు, పలకడు, నా ప్రతాపపు వాసన కొంచెమైనా లేదు, మీరే చదివించి నీతికుశలుణ్ణి చేసి కాపాడాలి అని వేడుకున్నాడు. ఆటబొమ్మలను సైతం పక్కన పెట్టి తనలో తాను లీనమై ఉండే పిల్లవాని మౌనం ఆయన కంటికి కేవలం లోపంగా కనిపించింది. బడిలో ఉపాధ్యాయుల ముందు పిల్లవాణ్ణి పక్కనే నిలబెట్టుకొని, "మావాడు బొత్తిగా మొద్దండీ, నోరు విప్పడు, నా పోలికే రాలేదు" అని చెప్పే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాట అంటున్నప్పుడు పిల్లవాడు నేల చూపులు చూస్తుంటాడు. ఉపాధ్యాయులే నొచ్చుకొని, "బాగానే చదువుతాడండీ" అని సర్దిచెబుతుంటారు.

హిరణ్యకశిపునికి కొడుకు మీద ప్రేమ లేదనడం అన్యాయం. గురుకులం నుంచి కొడుకును పిలిపించుకొని మాట్లాడాలని ముచ్చటపడిన సందర్భంలో పోతన ఆయన చేత ఇలా అనిపించాడు:

అనుదిన సంతోషణములు
జనితశ్రమ తాప దుఃఖ సంశోషణముల్
దనయుల సంభాషణములు
జనకులకుం గర్ణయుగళ సద్భూషణముల్.

పిల్లల మాటలు దినదినమూ సంతోషం కలిగిస్తాయట, పడిన శ్రమను, తాపాన్ని, దుఃఖాన్ని ఇంకిపోయేటట్లు చేస్తాయట, తల్లిదండ్రుల రెండు చెవులకూ మంచి నగలట. రోజంతా పని చేసి ఇల్లు చేరిన ఏ తల్లినైనా తండ్రినైనా అడిగితే ఇది నిజమేనంటారు. ఇంత చక్కగా చెప్పగలిగినవాడు, ఆ మాటలు తన మనసుకు నచ్చనివి అయిన క్షణంలో వాటిని మోయలేకపోయాడు. మూలంలో వ్యాసుడు చెప్పిన తీరు మరీ గుచ్చుకుంటుంది. మొదటిసారి కొడుకును తొడపై కూర్చోబెట్టుకొని, నీకు ఏది మంచిదనిపిస్తున్నదో చెప్పు నాయనా అని అడిగాడు. ఏ తండ్రి అయినా అడగదగిన ప్రశ్నే అది. వచ్చిన సమాధానానికి నవ్వి, పిల్లల బుద్ధులను పరాయివాళ్ళు చెరుపుతుంటారని తేల్చేసి, పిల్లవాణ్ణి ఇంకా జాగ్రత్తగా కాపలా కాయమన్నాడు. రెండవసారి ఎత్తుకొని, శిరస్సును వాసన చూసి, ఆనందబాష్పాలతో తడిపి అడిగాడు. శ్రవణం, కీర్తనం మొదలైన నవవిధ భక్తి మార్గాలను ప్రహ్లాదుడు చెప్పగానే గురుపుత్రుని మీద విరుచుకుపడ్డాడు. చివరకు అదే ఒడిలో నుంచి నేల మీదకు విసిరేశాడు.

ఈ వరుసలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసేది విసిరివేయడం కాదు, దానికి ముందు వచ్చిన ప్రశ్న. గురువు నేర్పకపోతే ఈ చెడుబుద్ధి నీకు ఎక్కడి నుంచి వచ్చిందని తండ్రి అడిగాడు. ప్రహ్లాదుడు నిర్భయంగానే బదులిచ్చాడు కాని తన కథ మాత్రం విప్పలేదు. కొంతకాలానికి గురువు ఇంటిపనులలో ఉన్న వేళ తోటి పిల్లలు, అంతఃపురంలో పెరిగిన నీకు నారదుని సాంగత్యం ఎలా దొరికిందని కుతూహలంతో అడిగారు. అప్పుడు, కేవలం వాళ్ళకే, తాను తల్లి గర్భంలో ఉండగా నారదుని ఆశ్రమంలో ఏమి విన్నాడో ఆద్యంతం చెప్పాడు. అడగవలసిన విషయం ఒక్కటే అయినా, ఒకరు తీర్పు ఇచ్చి అడిగారు, మరొకరు తెలుసుకోవాలని అడిగారు. మన ఇళ్ళలోనూ పదేళ్ళ పిల్ల భోజనం దగ్గర కొత్తమాట ఏదైనా అంటే, "ఎవరు నేర్పారే నీకిది? ఆ ఫోన్ చూసి చూసి ఇలా తయారయ్యావు" అనడం తేలిక. అంతటితో ఆ పిల్ల పెరుగన్నం కలుపుకొని గబగబా తిని లేచిపోతుంది, ఆ సంగతి మరునాడు స్నేహితురాలికి చెబుతుంది. హాస్టల్‌లో ఇంటర్మీడియట్ చదివే పిల్లలకు ఆదివారం నాడు దొరికే ఆ కాస్త ఫోను సమయంలో మార్కుల సంగతి తప్ప నిద్ర పడుతున్నదా, తిండి సరిపోతున్నదా, దిగులుగా ఉన్నదా అన్న మాట రాకపోతే, వాళ్ళు కూడా మార్కులే చెప్పి ఊరుకుంటారు.

పిల్లలు చెప్పినదల్లా ఒప్పుకోవాలని కథ అనడం లేదు. ప్రహ్లాదుడు సైతం పెద్దలకు నమస్కరించినవాడే, గురువులు చెప్పిన శాస్త్రాలన్నీ శ్రద్ధగా చదివినవాడే. తండ్రి మీద అతనికి కసి లేదు. స్వామి వరం కోరుకోమన్నప్పుడు తన తండ్రి పాపం పోయి పవిత్రుడు కావాలని అడిగాడు. ఇరవై ఒక్క తరాలతో సహా నీ తండ్రి పవిత్రుడయ్యాడని నరసింహుడు అభయమిచ్చాడు. తనను ఏనుగుల చేత తొక్కించినవాని కోసం అడిగిన వరమది.

వైశాఖ శుద్ధ చతుర్దశి నాడు నృసింహ జయంతికి సాయంసంధ్యలో పూజ చేసి, పానకం, వడపప్పు నివేదించి, ఈ చరిత్రను చదువుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. పిల్లల చేత "చదివించిరి నను గురువులు" పద్యాన్ని రాగయుక్తంగా పాడించి, చప్పట్లు కొట్టి, ప్రసాదం పంచుతాము. అయితే ఆ పద్యానికి ముందు హిరణ్యకశిపుడు అడిగినది పద్యం ఒక్కటే కాదు, "పద్యం బొక్కటి చెప్పి సార్థముగఁ దాత్పర్యంబు భాషింపుమా" అన్నాడు. ఈసారి జయంతికి తాత్పర్యాన్ని కూడా పిల్లలనే తమ సొంత మాటలలో చెప్పనివ్వవచ్చు. "ఆయన వాళ్ళ నాన్నే కదా, మరి అంత కోపమెందుకు?" అని ఏడేళ్ళవాడు అడిగితే, పానకం గ్లాసులు అందించడం కాసేపు ఆపి, నీకేమనిపిస్తున్నదని వాణ్ణే అడగవచ్చు.